అణు ప్లాంట్ల అన్నిటికన్నా డేంజర్ వైరు ఏందో ఎరుకేనా? రంగు లేని వైరు!

నమస్తే అందరికీ, హన్మకొండ నుంచి మళ్ళొచ్చిన, ఇయ్యాల కొంచెం కోపం మీదున్న ముందే చెప్తున్న. అణు కరెంటు మీద లొల్లి మొదలైతే చాలు, యురేనియం, రేడియేషన్, పేలుడు, గివే మాటలు. మొన్న నేను సేఫ్టీ వైర్లకు, అంటే రియాక్టర్‌ను కాపాడే సామానుకు పోయే వైర్లకు, రంగులు వేసుడు గురించి చెప్తే, "గదంతా షో అన్నా, వైరుకు రంగేస్తే రియాక్టర్ ఆగుతదా" అన్నరు. సరే, ఇయ్యాల చూద్దాం. అణు ప్లాంట్ల నాకు భయమయ్యేది యురేనియం కాదు, రంగున్న వైరు కూడా కాదు, ఏ రంగూ లేని వైరు. గిది రాసిపెట్టుకోండ్రి.

మన బోరు కాడ స్టార్టర్ డబ్బా యాద్కి తెచ్చుకోండ్రి. రెడ్, ఎల్లో, బ్లూ, మూడు ఫేజులు. ట్రాన్స్‌ఫార్మర్ రిపేరుకు పోయొచ్చినంక రెండు ఫేజులు అటిటు తగిలిస్తే మోటర్ ఉల్టా తిరుగుతది, నీళ్ళు సరిగ్గ పొయ్యదు, మా పరకాల దిక్కు ఏ రైతునడిగినా చెప్తడు. రంగు ఎందుకో మనకు కొత్తగ నేర్పాల్నా? ఆ డబ్బా మీద చిన్న లైట్లు కూడా ఉంటయి కదా, కరెంటొచ్చిందా లేదా చూసుకోనీకి. ఆ లైట్లను మరువకండ్రి, మళ్ళ వాటి దగ్గరికే వస్త.

అణు ప్లాంట్ల రియాక్టర్‌ను చల్లబరిచే సామాను జంటలు జంటలుగ ఉంటది, ఒక వైపు పంపు పోతే ఇంకో వైపుది ఉండాలని. ఒక్కో వైపు వైర్లకు ఒక్కో రంగు, ఏ రంగన్నది ఆ ప్లాంటోళ్ళ ఇష్టం. అమెరికా పద్ధతిల అయితే కేబుల్‌కు ప్రతి 5 అడుగులకు, ట్రేకు, అంటే కేబుళ్ళను పరిచి తీస్కపోయే ఇనుప తట్టకు, ప్రతి 15 అడుగులకు గుర్తు ఉండాలె. ఎందుకంటే కింద నిలబడి తల ఎత్తి చూస్తే, పచ్చ వైరు పోయి నారింజ ట్రేల పడ్డదనుకో, వరి మడిల కలుపు మొక్క లెక్క కండ్లకు కొట్టాలె. డ్రాయింగ్ తెరిచే పనే లేదు. దీన్ని షో అంటరా?

ఇగ అసలు ముచ్చట. 1975 మార్చి 22, అమెరికాల అలబామా రాష్ట్రం, బ్రౌన్స్ ఫెర్రీ ప్లాంటు. గోడల నుంచి కేబుళ్ళు పోయే సందు కాడ గాలి లీకైతుందా అని చూడనీకి కొవ్వొత్తి పట్టిండ్రు. కొవ్వొత్తి! చుట్టూ పాలీయురేథేన్ నురగ, మంట లోపటికి గుంజుకున్నది, అంటుకున్నది. ఏడు గంటలు కాలింది. అక్కడి ఫైర్ ఆఫీసర్ నీళ్ళు కొడ్దామని మొత్తుకున్నడు, కరెంటు వైర్ల మీద నీళ్ళేందని ప్లాంటోళ్ళు చానాసేపు ఒప్పుకోలేదు, ఆఖరికి నీళ్ళు కొడితే కొద్దిసేపట్లనే ఆరింది, అది తలుచుకుంటెనే నాకు ఒళ్ళు మండుతది. 1,600 పైన కేబుళ్ళు కాలినయి, అండ్ల 628 సేఫ్టీవి. ఒకటో యూనిట్ల కోర్‌కు, అంటే యురేనియం ఉండే రియాక్టర్ నడిమి భాగానికి, ఎమర్జెన్సీ నీళ్ళు పంపే సిస్టమ్‌లు పోయినయి, వేరే పనికి పెట్టిన పంపులతోని నీళ్ళు పంపి గట్టెక్కిండ్రు.

మరి రెండు వైపులవి ఎట్ల పోయినయి? జంట ఎందుకు పెట్టుకున్నట్టు? ఇక్కడనే వస్తయి ఆ చిన్న లైట్లు. పానెల్ మీద "ఆన్, ఆఫ్" చూపించే లైట్ల వైర్లను ఇవి సేఫ్టీ వైర్లు కావు కదా అని విడదీయలే, ఏ గుంపులనన్న పొయ్యేటట్టు వదిలేసిండ్రు. కానీ ఆ వైరు రెండో కొస సేఫ్టీ సర్క్యూట్‌కే తగిలి ఉన్నది కదా! కాలి షార్ట్ అయినయి, ఆ దారెంబడి కరెంటు ఉల్టా పోయి, మంట తగలని సామాన్ను కూడా దెబ్బ తీసింది. పెద్ద వైరును మంచిగ కాపాడి, చిన్న లైటు వైరు మీదికెళ్ళి దొంగకు దారి ఇచ్చిండ్రు. రంగు లేదు, ఎవ్వరికీ పట్టలేదు. ఇగో ఇదే నేను మొదటి నుంచి మొత్తుకునేది.

ఇట్లాంటి వైర్లకు ఇప్పుడు ఒక పేరున్నది, అసోసియేటెడ్ సర్క్యూట్ అని. రూల్ ఏమంటదంటే, సేఫ్టీ వైరును తగిలినవా, ఇగ నువ్వు కూడా దాని వైపే, దాని దారిలనే పోవాలె, లేకుంటే నడుమ ఐసోలేషన్ డివైస్, అంటే ఒక దిక్కు దెబ్బ ఇంకో దిక్కుకు పోకుంట ఆపే సామాను, పెట్టాలె. అగ్గి రూల్ వేరే గట్టిగ వచ్చింది, రెండు వైపుల నడుమ మూడు గంటలు అగ్గికి ఆగే గోడ, లేదంటే 20 అడుగుల ఖాళీ, నడుమ కాలేటిదేదీ ఉండొద్దు, దాంతోపాటు అగ్గిని పసిగట్టి ఆర్పే ఏర్పాటు కూడా ఉండాలె.

అది అమెరికా ముచ్చట అని దులుపుకోకండ్రి. 1993 మార్చి 31, మన దేశంలనే, ఉత్తరప్రదేశ్ నరోరా అణు ప్లాంటు, ఒకటో యూనిట్. టర్బైన్ బ్లేడ్లు విరిగినయి, అగ్గి లేచింది, రెండు వైపుల కేబుళ్ళు ఒక్క దారిల ఉండి ఒక్కసారే పోయినయి. 17 గంటలు ప్లాంటుకు కరెంటు లేదు. కంట్రోల్ రూంల పొగ నిండి మనుషులు బయటికొచ్చిండ్రు. ఆ చీకట్ల టార్చిలైట్లు పట్టుకొని రియాక్టర్ బిల్డింగ్ ఎక్కి, రియాక్టర్ మళ్ళ రాజుకోకుంట ఆపే బోరాన్ మందును చేతులతోని వదిలిండ్రు, డీజిల్ ఫైర్ పంపులతోని నీళ్ళు పంపిండ్రు. రియాక్టర్ నిలబడ్డదంటే వాళ్ళ గుండె ధైర్యం. ఆ మనుషుల పేర్లు స్కూలు పుస్తకాలల్ల ఎందుకు లేవని నేను ఎన్నిసార్లన్న అడుగుత.

ఇప్పుడు రామగుండంల, చెల్పూర్‌ల కేబుల్ పని చేసే తమ్ముళ్ళకు ఒక మాట. మీది థర్మల్ ప్లాంటే, కానీ ట్రే ట్రేనే, అగ్గి అగ్గే. రేపు డ్యూటీకి పోయినంక ఒక్కసారి పైకి చూడుండ్రి, ఎక్కడన్న గుర్తు లేని వైరు కనిపిస్తే రెండో కొస ఏడ తగిలిందో పట్టుకోండ్రి, మీ ఇంజనీర్ సార్‌కు చెప్పుండ్రి. ఏం దొరికిందో నాకు కూడా రాయుండ్రి, వచ్చే వీడియోల అవే మాట్లాడుదాం.