మన ఊరి పని లెక్క మనమే అడుగుదాం: సమాచార హక్కు దరఖాస్తు రాయడం ఎలా?

అందరికీ నమస్కారం అండి. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియోలో ఒకటే పని. మన ఊర్లో జరిగిన ఒక పని, సీసీ రోడ్డు అనుకోండి, కాలువ అనుకోండి, దాని లెక్క చూపించమని కాగితం మీద అడుగుతున్నాం. సమాచార హక్కు చట్టం, 2005. దరఖాస్తు మొత్తం మీ కళ్ల ముందే టైప్ చేస్తాను.

ముందు ఒక్క మాట చెప్పి మొదలుపెడతాను. ఐదేళ్లకోసారి ఓటేయడం తప్ప మాలాంటి వాళ్లం ఏం చేయగలం అని చాలామంది అడుగుతుంటారు. ఏ కండువా కప్పుకోకుండా చేయగలిగిన రాజకీయం ఇది. అసలు ఈ చట్టం ఎక్కడ పుట్టిందనుకున్నారు? రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్లిన కూలీల దగ్గర. కూలి పూర్తిగా చేతికి రావట్లేదు, మస్టర్లు, అంటే కూలీల హాజరు, కూలి రాసే పుస్తకాలు, చూపించండి అని అడిగారు వాళ్లు. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అని వాళ్ల సంఘం. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. మా డబ్బు, మా లెక్క అన్నారు. తొమ్మిదేళ్లకు అది దేశమంతటికీ చట్టమైంది. కాబట్టి ఇది చదువుకున్న వాళ్ల పని అనుకోకండి.

సరే, స్క్రీన్ చూడండి. ఇది ఈ-గ్రామ్‌స్వరాజ్ (eGramSwaraj) వెబ్‌సైట్. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం... నొక్కుకుంటూ వెళ్లిపోండి, ఇందులో చెప్పడానికి ఏమీ లేదు. ఇదిగో, పంచాయతీ ప్రణాళికలో ఏ పనులు పెట్టారు, ఎంత ఖర్చు చూపించారు, ఇక్కడ కనిపిస్తాయి. ఫోన్లో అయితే మేరీ పంచాయత్ యాప్ ఉంది, అందులోనూ చూడొచ్చు. నాకైతే కంప్యూటరే ఇష్టం, పెద్దగా కనిపిస్తుంది. ఇక్కడ పని పేరు ఎలా ఉందో అలాగే, అక్షరం మార్చకుండా కాపీ చేసుకోండి. "మా వీధి రోడ్డు" అని రాస్తే ఏ రోడ్డో తెలియలేదంటారు.

ఇప్పుడు కొత్త పేజీ తెరుస్తున్నాను. పైన "పౌర సమాచార అధికారి, గ్రామ పంచాయతీ కార్యాలయం", ఊరి పేరు. అధికారి పేరు తెలియకపోయినా పర్లేదు, హోదా చాలు. కింద మీ పేరు, చిరునామా. ఎందుకు కావాలో రాయక్కర్లేదు, సెక్షన్ 6(2)లో ఉంది. ఎవరైనా నీకెందుకయ్యా అంటే ఆ సెక్షన్ చూపించండి. తెలుగు టైపింగ్ రాకపోతే టెన్షన్ పడకండి, ఫోన్లో మైకు నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది. తెల్లకాగితం మీద చేత్తో రాసినా చెల్లుతుంది.

ఇక్కడ, ఇక్కడ కొంచెం ఆగండి. ప్రశ్న రాసే చోటు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. నా మొదటి దరఖాస్తులో ఏం రాశానో టైప్ చేసి చూపిస్తాను. "మా వీధిలో కాలువ సగంలో ఎందుకు ఆపేశారు? దీనికి బాధ్యులు ఎవరు?" చూడ్డానికి బాగానే ఉంది కదా. నెల తర్వాత ఒకే ఒక్క లైను జవాబు వచ్చింది. మీరు అడిగినది సమాచారం నిర్వచనం కిందికి రాదు. అంతే. చాలా బాధపడ్డాను. ఎన్నో నెలలు దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

తర్వాత కూర్చుని చట్టం చదివితే అర్థమైంది. సెక్షన్ 2(ఎఫ్). రికార్డులు, పత్రాలు, మెమోలు, ఉత్తర్వులు, లాగ్‌బుక్కులు, కాంట్రాక్టులు, నివేదికలు, శాంపిళ్లు... అంటే ఆఫీసులో ఇప్పటికే ఉన్నది మాత్రమే. "ఎందుకు" అనే ప్రశ్నకు అధికారి కొత్తగా ఆలోచించి జవాబు రాయాలి, అలా రాయమని చట్టం అతన్ని బలవంతపెట్టదు. బీరువాలో ఉన్న కాగితం అడిగితే మాత్రం తీసి ఇవ్వాల్సిందే.

మనకి అర్జీ రాయడం అలవాటు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి వెళ్లి, అయ్యా మా గోడు వినండి అని రాస్తాం కదా, ఆ రాత వేరు. ఇందులో గోడు వద్దు. బతిమాలడం వద్దు. ఫలానా పుస్తకంలో ఫలానా పేజీ నకలు ఇవ్వండి, అంతే. నా పాత ప్రశ్న చెరిపేస్తున్నాను. చూడండి ఇప్పుడు.

ఒకటి, ఈ పని అంచనా, మంజూరు ఉత్తర్వుల నకళ్లు. రెండు, ఈ పనికి సంబంధించిన ఎం-బుక్ పేజీల నకళ్లు. మూడు, చెల్లించిన బిల్లులు, వోచర్ల నకళ్లు. నాలుగు, ఫైలు నోటింగ్స్ నకలు.

అన్నిటికన్నా ముఖ్యం ఎం-బుక్. ఇంజనీరు పని దగ్గరికి వచ్చి పొడవెంత, వెడల్పెంత, మందమెంత అని కొలిచి రాసే పుస్తకం అది. దాన్ని బట్టే బిల్లు. ఆ పేజీ మీ చేతిలో ఉంటే టేపు తీసుకెళ్లి రోడ్డు మీద పెట్టి మీరే చూసుకోవచ్చు. ఇక ఫైలు నోటింగ్స్, అంటే ఫైలు మీద అధికారులు రాసుకున్న మాటలు. నేను మొదట అడిగిన "ఎందుకు" ఉండేది అందులోనే. అడగాల్సింది దాని నకలు.

ఇంకో లైను చేరుస్తున్నాను, "రికార్డులు స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలపండి" అని. మొదటి గంట చూడడానికి ఫీజు ఉండదు. పనికి వాడిన మెటీరియల్ శాంపిల్ కూడా ధ్రువీకరించి ఇవ్వమని అడగొచ్చు, సెక్షన్ 2(జె). చాలామందికి ఇది తెలీదు.

ఫీజు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఏమీ లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. కోర్టు ఫీ స్టాంపు అంటిస్తే సరిపోతుంది. పేదరిక రేఖ కింద ఉన్నవాళ్లు ఫీజు కట్టక్కర్లేదు, రేషన్ కార్డు జిరాక్స్ జతచేయండి. తేదీ, సంతకం, అయిపోయింది.

ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. వేయకపోతే గొడవపడకుండా బయటికొచ్చి స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి. నాకు పోస్టే నయం అనిపిస్తుంది. మన జిల్లా నుంచి చెన్నై, హైదరాబాద్ పనులకు వెళ్లిన వాళ్లు ఎంతమంది ఉన్నారు! వాళ్లు అక్కడి నుంచే పంపొచ్చు, సొంతూరి లెక్క అడగడానికి ఊర్లోనే ఉండాలని రూల్ లేదు.

జవాబు ఇవ్వడానికి వాళ్లకు 30 రోజులు. ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి. దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి. అక్కడి నుంచి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అదే శాఖలో పై అధికారికి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి. సరైన కారణం లేకుండా ఆపితే కమిషన్ రోజుకు 250 చొప్పున, 25,000 దాకా జరిమానా వేయొచ్చు.

దయచేసి ఒక్కరే వేయకండి. వీధిలో ఐదుగురు మాట్లాడుకుని ఒక్కొక్కరు ఒక్కో పని మీద వేయండి, డ్వాక్రా గ్రూపులో అక్కలనీ కలుపుకోండి. ఒక్కరి పేరే కనిపిస్తే ఒత్తిడంతా ఆ ఒక్కరి మీదే పడుతుంది. వచ్చిన కాగితాలు గ్రామసభలో అందరి ముందూ చదవండి.

కలిసి నిలబడాలి, కాగితం పట్టుకోవాలి అన్న మాట మన జిల్లాలో ఊరికే అనలేం. సోంపేట బీల, అంటే అక్కడి చిత్తడి నేల, దాని కోసం జనం థర్మల్ ప్లాంటుకు అడ్డం నిలబడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఇక్కడ మనుషులు నేల మీద నిలబడ్డారు, అక్కడ అప్పీలు కాగితం నిలబడింది. ఆ తేదీ గుర్తొస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మీ దగ్గర అలాంటి ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ పెడితే వెళ్లండి. 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి, సభంతా వీడియో తీయాలి, చివర్లో ఎవరేం అన్నారో తెలుగులో చదివి వినిపించాలి. ఆ చదివేదాకా కదలకండి. మీరు చెప్పిన అభ్యంతరం అందులో లేకపోతే అక్కడే లేచి అడగండి.

దరఖాస్తు నమూనా వీడియో కింద పెట్టాను, ఊరి పేరు, పని పేరు మార్చుకుంటే చాలు. ఎం-బుక్ పేజీ ఎలా చదవాలో వచ్చే వీడియోలో, టేపు పట్టుకుని రోడ్డు మీదే చూపిస్తాను. ఉంటానండి.