గొలుసుకట్టు ఫాంటు: అతుకులు, సన్నగీతలు

అందరికీ నమస్కారం. ఆహ్వాన పత్రికల మీద, ప్రశంసా పత్రాల మీద ఒయ్యారంగా వాలి కనిపించే ఇంగ్లిష్ గొలుసుకట్టు ఫాంట్ల గురించి ఈరోజు మాట్లాడతాను. మంచి ఫాంటు ఎంచుకున్నాక కూడా పని చెడుతోందంటే, కారణం చాలాసార్లు మనం మార్చిన సెట్టింగులే.

వీటికి మూలం ఇంగ్లండులో 18వ శతాబ్దంలో బాగా వాడుకలో ఉన్న రౌండ్‌హ్యాండ్ రాత. పాళీని నొక్కి కిందికి లాగితే మొన విచ్చుకుని గీత లావవుతుంది. నొక్కు తీసేసి పైకి పోనిస్తే వెంట్రుకలా సన్నబడుతుంది. సీసపు అచ్చులో ఈ రాతను దించడం కష్టమైంది. వాలిన అక్షరం దిమ్మె అంచు దాటి బయటికొస్తే ఆ కొస విరిగిపోయేది. సీసపు దిమ్మెలకు బదులు వెలుతురుతో ఫిల్మ్ మీద అక్షరాలు కూర్చే ఫొటో టైప్‌సెట్టింగ్ వచ్చాకే ఆ బెడద తీరింది. ఫాంట్ల రూపకర్త మాథ్యూ కార్టర్ 1960లలో చేసిన స్నెల్ రౌండ్‌హ్యాండ్ అనే ఫాంటు ఆ వెసులుబాటును చక్కగా వాడుకుంది.

ఇక అతుకుల సంగతి. ఒక అక్షరం కొస ఆగినచోటే తర్వాతి అక్షరం మొదలవ్వాలి. అందుకే ట్రాకింగ్, అంటే అక్షరాలన్నిటి మధ్య ఒకే తీరుగా పెంచే తగ్గించే దూరం, సున్నా దగ్గరే ఉంచండి. కెర్నింగ్, అంటే జంట అక్షరాల మధ్య దూరం, 'మెట్రిక్స్'లో పెట్టండి; అప్పుడు ఫాంటులో డిజైనర్ ఇచ్చిన దూరాలే వస్తాయి. 'ఆప్టికల్' పెడితే సాఫ్ట్‌వేర్ తన అంచనాతో అక్షరాలను జరిపేస్తుంది, గొలుసు తెగుతుంది. వరుస రెండు అంచులకూ సమంగా సాగదీసే జస్టిఫై అసలే వద్దు. చిన్నబడి ఓ, వి, డబ్ల్యూ, బిల కొస పైనుంచి వెళుతుంది, మిగతావాటిలో ఎక్కువభాగం కింది గీత దగ్గర నుంచి. ఓ తర్వాత ఆర్ గానీ ఎస్ గానీ వస్తే మామూలు రూపం అతకదు. ఓపెన్‌టైప్ అనే ఫాంటు ఫార్మాట్‌లో కాంటెక్స్టువల్ ఆల్టర్నేట్స్ అనే సెట్టింగు ఆన్ చేసి ఉంటే, డిజైనర్ ఇచ్చిన వేరే రూపం దానంతట అదే వస్తుంది.

పెద్దబడి అక్షరాలతో మాట మొత్తం కూర్చకండి. ఆ అక్షరాలు మాట మొదట్లో నిలబడటానికి గీసినవి, ఒకదాని పక్కన ఒకటి చేరితే చదవలేం. పొడి అక్షరాలను (ఇనిషియల్స్‌ను), రోమన్ అంకెలను మామూలు ఫాంటులో పెట్టండి. స్వాష్‌లు, అంటే అక్షరానికి అలంకారంగా సాగే తోకలు, వరుసకు ఒకటి చాలు. పై వరుసలో వేలాడే జి, వై తోకలు కింది వరుసలోని ఎల్, హెచ్‌లకు తగలకుండా చూసుకోండి.

ఎక్కువగా దెబ్బతినేది సన్నగీత. ఫాంటు సైజుకు సమానమైన చతురాన్ని 1000 యూనిట్లుగా విభజిస్తే, అందులో అది 10 యూనిట్లుంటే, 24 పాయింట్ల సైజులో దాని మందం 0.24 పాయింటే. ముదురు రంగు మీద తెల్లగా వేస్తే పక్కనున్న ఇంకు పాకి దాన్ని మింగేస్తుంది. నాలుగు రంగుల మిశ్రమంలో అచ్చువేస్తే రంగులు కాస్త తప్పినా అంచుల్లో నీడ తేలుతుంది. ఒకే ఇంకు వాడండి, సైజు పెంచండి. కృత్రిమంగా బోల్డ్ చేస్తే సన్నగీతా లావవుతుంది, దాంతో ఆ రాత అందమే పోతుంది.

అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే బొమ్మల్లాంటి ఆకారాలుగా మార్చి పారదర్శకత ఇచ్చినా, చుట్టూ గీత వేసినా, అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి పడిన భాగాలు బయటపడతాయి. ముందు ఆ ఆకారాలన్నిటినీ 'యునైట్' చేసి, అంటే ఒకే ఆకారంగా కలిపి, తర్వాతే రంగు ఇవ్వండి.