టీకాలు పూర్తయ్యేదాకా ఆగితే ఆలస్యమే

అందరికీ నమస్కారం.

కుక్కపిల్లను కొత్తగా తెచ్చుకున్నవాళ్లు పశువైద్యుడి దగ్గర మొదట అడిగేది టీకాల గురించి. తర్వాత తిండి గురించి. దీనికి ఊరినీ మనుషులనూ ఎప్పుడు పరిచయం చేయాలి అని అడిగేవారు బహు తక్కువ. ఏడాది తిరిగాక వాళ్లలో కొందరు మళ్లీ వస్తారు. "ఇంటికి ఎవరొచ్చినా మీద పడుతోంది డాక్టరు గారూ, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి గేటు దాటి లోపలికి రావడం లేదు" అంటారు. ఆ కుక్క చెడ్డది కాదు. అది భయపడుతోంది, ఆ భయమే పళ్లు చూపిస్తోంది.

సుమారు 3వ వారం నుంచి 12, 14 వారాల వయసు దాకా కుక్కపిల్ల కొత్తదాన్ని సులువుగా ఒప్పుకుంటుంది. ఆ తర్వాత కొత్తది ఏది కనిపించినా ముందు అనుమానిస్తుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 1961లో వెలువడ్డాయి. కొన్ని కుక్కపిల్లలను మనుషులు కనిపించకుండా కంచె లోపల పెంచారు. వాటిని వేర్వేరు వయసుల్లో వారం పాటు మనుషుల మధ్యకు తెచ్చారు. 14 వారాల దాకా మనిషి ఊసే లేకుండా పెరిగినవి ఆ తర్వాత ఎంత మచ్చిక చేసినా బెదురుతూనే ఉండిపోయాయి.

ఇప్పుడు మన ఇళ్లలో లెక్క చూడండి. పిల్ల ఇంటికి వచ్చేసరికి ఆరేడు వారాలు. టీకాల వరుస ముగిసేది దాదాపు 16 వారాలకు. అప్పటిదాకా గడప దాటించవద్దని అందరూ చెబుతారు. అంటే లోకాన్ని నేర్చుకోవలసిన రోజులన్నీ హాల్లో సోఫా కిందే గడిచిపోతాయి. ఈ పద్ధతి మారాలన్నదే నా మొర.

కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ జబ్బు భయం నిజమైనదే. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలు లేని కుక్కలు తిరిగే చోట పిల్లను నేల మీద వదలకండి. కానీ ఎత్తుకుని తిరగడానికి అడ్డేమీ లేదు. భుజాన సంచిలో కూర్చోబెట్టుకోండి, కారు కిటికీలోంచి చూపించండి. టీకాలన్నీ వేయించిన పెద్ద కుక్క ఉన్న స్నేహితుల ఇంటికి తీసుకెళ్లండి. జంతు ప్రవర్తనను అధ్యయనం చేసే అమెరికా పశువైద్యుల సంఘం 2008లోనే ఈ సంగతి చెప్పింది. మొదటి విడత టీకా వేసి వారం గడిచి, నులిపురుగుల మందు పడిన పిల్ల 7, 8 వారాలకే శిక్షణ తరగతులకు వెళ్లవచ్చని దాని సలహా.

మరో మాట. నెల రోజుల పిల్లను అమ్మజూపేవారి దగ్గర కొనకండి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి పుడుతుందో కుక్కపిల్ల తన తోబుట్టువులతో ఆడుకుంటూనే నేర్చుకుంటుంది.

మన బెజవాడలో చూపించడానికి కొదవేముంది? తెల్లవారి కాలువ గట్టు, వాన పడితే గొడుగులు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, చేతికర్ర పట్టుకున్న తాతగారు, లిఫ్టు తలుపు చప్పుడు. దీక్షల రోజుల్లో ఎర్రబట్టలు కట్టి, తలపై ఇరుముడితో ఇంద్రకీలాద్రి వైపు బారులు తీరి నడిచే భవానీలు. వీటిని దూరం నుంచి చూపించండి, చూసినప్పుడల్లా ఉడికించిన కోడిమాంసం చిన్న ముక్క నోటికి అందించండి. సాయంత్రం బీసెంట్ రోడ్డు రద్దీలోకి మొదటి రోజే దించకండి, అది పెద్ద కుక్కలకే ఎక్కువ. వేసవిలో ఎండెక్కితే తారు రోడ్డు పాదాలను కాల్చేస్తుంది కాబట్టి పొద్దున్నే వెళ్లి రండి.

అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పరిచయం చేయడమంటే కనిపించిన ప్రతివారి చేతా నిమిరించడం అనుకుంటారు. అపార్టుమెంటు పిల్లలందరూ చుట్టూ మూగుతారు, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారుస్తారు. ఆ కుక్కపిల్ల నేర్చుకునేది ఒకటే: మనుషులు వస్తే తప్పించుకునే దారి ఉండదు. దగ్గరకు వెళ్లాలో వద్దో దాన్నే తేల్చుకోనివ్వండి. వచ్చినవారు పక్కకు తిరిగి కూర్చోవాలి, కళ్లలోకి చూడకూడదు, తల మీద చేయి వేయకూడదు. పిల్ల తనంతట తాను వచ్చి వాసన చూస్తే గదవ కింద నెమ్మదిగా నిమరవచ్చు.

అది భయపడుతోందని ముందే తెలుస్తుంది. తిండి ఏమీ లేకపోయినా పెదవులు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, మొహం తిప్పుకుంటుంది, తోకను కాళ్ల మధ్యకు ముడుస్తుంది. అప్పటికీ మనం వినకపోతే గుర్రుమంటుంది. దయచేసి గుర్రుమన్నందుకు కొట్టకండి. ఆ హెచ్చరిక మానేసిన కుక్క తర్వాత నేరుగా కరుస్తుంది. మాంసం ముక్క ఇచ్చినా తినడం లేదంటే మీరు చాలా దగ్గరకు తెచ్చారన్నమాట. వెనక్కి నడవండి.

ఇదంతా ముచ్చట కోసం చెబుతున్నది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు జనాన్ని పడవల్లో తరలించారు. అలాంటి గడియలో ముక్కూమొహం తెలియని మనిషి చేయి చాచితే మీ కుక్క ఆ చేతుల్లోకి వెళుతుందా, పళ్లు దిగేస్తుందా అన్నది దాని ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

దీపావళికి రెండు నెలల ముందే టపాసుల శబ్దాన్ని ఫోనులో అతి తక్కువ ధ్వనితో వినిపిస్తూ అన్నం పెట్టండి. అది చెవి కూడా కదపకుండా తింటుంటే మరికాస్త పెంచండి. ఉలిక్కిపడితే తగ్గించండి. పండగ రాత్రి మాత్రం కిటికీలు మూసిన లోపలి గదిలో, మీలో ఒకరు తోడుగా ఉండాలి.

మీలో చాలామంది ఇళ్లలోని కుక్కలు ఇప్పటికే పెద్దవి. వాటికీ మార్గం ఉంది, నెలలు పడుతుంది. అపరిచితుణ్ని చూసినా తిండి తినగలిగేంత దూరంలో మొదలుపెట్టాలి, ఆ దూరాన్ని కొన్ని అడుగుల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఈ లోగా మూతికి జాలీ అలవాటు చేయండి, రేబిస్ టీకా ఏటా వేయించండి. పొరపాటున ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మీ ఇళ్లలో పిల్ల వయసు ఎన్ని వారాలో, ఏ టీకా దాకా అయిందో ఒక్కొక్కరు చెప్పండి. వారం వారం ఏం చూపించాలో ఇక్కడే రాసిస్తాను.