ఊరెళ్లే ముందు ఏసీని రిమోట్‌తో ఆపితే సరిపోదు

నమస్కారం అండి. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ ఏసీ సర్క్యూట్ బోర్డు చూడండి. కొంచెం దగ్గరగా పెడతాను. ఈ మూల మాడి నల్లగా అయిపోయింది కదా, దానికి అతుక్కుని ఎండిపోయిన బల్లి కనబడుతోందా? కళింగపట్నం వైపు ఒక ఇంట్లో ఏసీ బయట యూనిట్ విప్పితే దొరికిందిది. ఆ ఇంటివాళ్లు భార్యాభర్తలిద్దరూ ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండి వచ్చారు. వచ్చిన రోజే ఏసీ వేస్తే పలకలేదు. "ఆపేసే వెళ్లాం కదా బాబూ, వాడని మిషను ఎలా కాలిపోద్ది?" అని పెద్దాయన అడిగారు.

ఆయన ఆపింది రిమోట్‌తో. రిమోట్‌తో ఆపితే గాలి ఆగుతుంది, చల్లదనం ఆగుతుంది, కరెంటు మాత్రం ఆగదు. మళ్లీ మనం రిమోట్ నొక్కినప్పుడు అందుకోవాలి కాబట్టి లోపలి బోర్డుకి ఎప్పుడూ సప్లై ఉంటుంది. కొన్ని ఇన్వర్టర్ మోడళ్లలో బయట యూనిట్ బోర్డు దాకా ఉంటుంది. బల్లికి వెచ్చగా, చీకటిగా ఉండే చోటు కావాలి. రెండు పాయింట్లకీ ఒకేసారి తగిలింది, షార్ట్ అయింది. ఎంసీబీ, అంటే మెయిన్ బోర్డులో ఏసీకి కరెంటు ఆపే మీట, దించి వెళ్లి ఉంటే ఆ బల్లి దారిన బల్లి పోయేది, బోర్డు నిలిచేది.

ఇవాళ నేను శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో ఒక ఇంట్లో ఉన్నాను. ఈ ఇంటి మాస్టారు, అమ్మగారు ఈ నెలాఖరుకి అమెరికాలో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్తున్నారు. ఉగాదికి గాని రారు. పైన ఒకటి, కింద ఒకటి, రెండు స్ప్లిట్ ఏసీలు. నన్ను పిలవడానికి కారణం అమ్మాయి ఫోన్‌లో చెప్పిన మాట: "ఏసీ పూర్తిగా ఆపకండి నాన్నా, 85లో పెట్టి వదిలేయండి, ఇక్కడ అందరూ అలాగే చేస్తారు." మాస్టారికి టెన్షన్ పట్టుకుంది. మన రిమోట్‌లో 85 ఎక్కడుంది?

ఆ 85 ఫారెన్‌హీట్ లెక్క. మన లెక్కలో 29, 30 డిగ్రీల మధ్య. అమ్మాయి చెప్పింది తప్పు కాదండి, అక్కడి ఇంటికి అది సరైన మాటే. అక్కడ ఇల్లంతటికీ ఒకటే సెంట్రల్ ఏసీ, ఇల్లు ఎక్కువగా చెక్కతో కట్టింది, లోపలి గోడలు జిప్సం బోర్డులు. వేసవిలో చెమ్మ పడితే ఆ బోర్డుల్లో బూజు పుడుతుంది. అందుకని ఏసీ అప్పుడప్పుడూ తిరిగి ఆ చెమ్మ లాగేయాలి. మనవి ఇటుక గోడలు, గదికో ఏసీ. పైగా మనం ఊళ్లో లేని నెలలు ఏవి? అక్టోబరు, నవంబరు. తుఫాన్ల కాలం. ఎవరూ లేని ఇంట్లో ఏసీ నడవనిచ్చి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. వైఫై ఏసీ ఉంది, ఫోన్‌లో అక్కడి నుంచే వేసుకుంటాం అన్నా చెప్పను. కాలిన వాసన వస్తే ఫోన్‌కి తెలియదు.

మరైతే ఎలా ఆపాలి? ముందు ఆరబెట్టాలి, తర్వాత ఆపాలి. ఈ వరస చాలా ముఖ్యం.

ఏసీ నడిచినంతసేపూ లోపలి కాయిల్ చల్లగా ఉంటుంది. చల్లటి మజ్జిగ గ్లాసు బయట నీళ్లు పట్టినట్టే దానికీ పడతాయి. డ్రెయిన్ పైపులోంచి కారేవి ఆ నీళ్లే. రాత్రంతా ఏసీ వేసుకుని, పొద్దున్న రైలు టైమైందని టక్కున ఆపి తలుపు తాళం వేశామనుకోండి. తడి కాయిల్, తడి ట్రే, బ్లోయర్, అంటే లోపల గాలి తోసే ఫ్యాన్, దాని మీద దుమ్ము, మూసిన గది. ఆరు నెలలు. తిరిగొచ్చి వేయగానే నానిన గోనెసంచి వాసన వస్తుందే, అది ఇలా పుట్టిందే. ఆస్తమా ఉన్నవాళ్లకి ఆ మొదటి గాలి మంచిది కాదు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు, కొన్ని వీడియోల్లో కూడా చెబుతున్నారు. ఆరబెట్టాలి అనగానే రిమోట్‌లో డ్రై అని ఉంటుంది కదా, అది నొక్కేస్తారు. డ్రై మోడ్ ఆరబెట్టేది గదిలో గాలిని, కాయిల్‌ని కాదు. డ్రై మోడ్‌లో కంప్రెసర్ తిరుగుతుంది, కాయిల్ చల్లబడుతుంది, గాలిలో చెమ్మంతా వచ్చి ఆ కాయిల్ మీదే నీరవుతుంది. మీరు తడపకూడదనుకున్న దాన్నే తడుపుతుందన్నమాట. మనకి కావలసింది ఫ్యాన్ మోడ్. అందులో కంప్రెసర్ ఆగిపోతుంది, బ్లోయర్ ఒక్కటే తిరుగుతుంది. స్పీడు ఎక్కువలో పెట్టి, ఒక గంట, వీలైతే రెండు గంటలు వదలండి. బయట ఎండ కాసే మధ్యాహ్నం పూట చేస్తే ఇంకా మంచిది. ముసురు పట్టిన రోజు కిటికీలు తీసి చేస్తే లాభం లేదు. కొత్త మోడళ్లలో ఆటో క్లీన్ అని ఉంటుంది, ఆపాక కొద్ది నిమిషాలు ఫ్యాన్ తిప్పుతుంది. రోజూ వాడకానికి అది బాగుంది గాని, ఆరు నెలల ప్రయాణానికి నేను దాని మీద భరోసా పెట్టుకోను.

దానికి ముందురోజే ఫిల్టర్లు తీసి కడిగేయండి. నీడలో పూర్తిగా ఆరాకే బిగించండి. రిమోట్‌లో సెల్స్ తీసేయండి, లేకపోతే కారి స్ప్రింగులు తుప్పు పట్టిపోతాయి.

గ్యాస్ సంగతి ఒకటి చెప్పాలి. "వాడకపోతే గ్యాస్ దిగిపోతుంది, వెళ్లేముందు కొంచెం పట్టించుకోండి" అని ఎవరైనా అంటే డబ్బులు ఇవ్వకండి. ఏసీలో గ్యాస్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. రాగి పైపుల్లో మూసి ఉంటుంది, అందులోనే తిరుగుతుంది. లీకు లేకపోతే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కన్నం పడింది. ముందు ఆ కన్నం వెతకాలి.

మన తీరం వైపు బయట యూనిట్ ఎలా పాడవుతుందో చూపిస్తాను, రండి.

ఈ సన్నటి అల్యూమినియం రెక్కలు చూశారా, ఫిన్స్ అంటాం. బారువ, భావనపాడు, ఇటు విజయనగరం జిల్లాలో చింతపల్లి తీరం, ఇలాంటి చోట్ల వీటి మీద చెయ్యి పెడితే పొడిలా రాలిపోయినవి నేను చూశాను. ఉప్పుగాలి. రాగి పైపు, అల్యూమినియం రెక్క కలిసిన చోట ఉప్పు చెమ్మ చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకే వెళ్లేముందు, కరెంటు తీసేసి, మామూలు మంచినీళ్లు తోట పైపుతో మెల్లగా పోసి కడగాలి. ఫిన్స్ వంగిపోయేంత జోరుగా కొట్టొద్దు, బోర్డు ఉండే పక్కకి కొట్టొద్దు. యాసిడ్ అసలే వద్దు.

కడిగి, మంచి పని చేస్తున్నామనుకుని చుట్టూ టార్పాలిన్ బిగించి కట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. లోపలి చెమ్మ బయటికి పోదు, తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. ఎలుకకి ఇల్లు కట్టించి ఇచ్చినట్టు అవుతుంది, వైర్లు కొరికేస్తుంది. చెట్టు కింద ఉంటే పైన మాత్రం ఒక రేకు వేసి కట్టండి, చాలు. నాలుగు పక్కలా గాలి ఆడాలి.

ఇప్పుడు స్టాండు బోల్టులు. మాస్టారూ, ఇది చూడండి, ఈ రెండూ స్పానర్ పెట్టగానే చిట్లాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో మన జిల్లా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అంత గాలికి తుప్పు పట్టిన బోల్టు మీద నిలబడ్డ యూనిట్ ఆగదు. మేడ మీంచి పడితే కింద ఎవరున్నారో? ఏసీ పోతే కొనుక్కోవచ్చు. ఈ నాలుగు బోల్టులూ స్టీలువి మార్చేస్తున్నాను. పెద్ద ఖర్చు కాదు.

తుఫానులో గాలి కంటే ఏసీలని ఎక్కువగా పాడుచేసేది తర్వాత వచ్చే కరెంటు. మన ఇంటికి వచ్చేది 230 వోల్టులు. స్తంభం మీద మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వైరు ఉంటాయి. ఏ రెండు ఫేజుల మధ్య కొలిచినా సుమారు 400 ఉంటుంది. కొమ్మ పడి న్యూట్రల్ ఒక్కటే తెగిందనుకోండి, కొన్ని ఇళ్లకి వోల్టేజి పడిపోతుంది, కొన్ని ఇళ్లకి 230 కాస్తా 300, 350 అయిపోతుంది. ఇంట్లో మనుషులుంటే లైటు వెలుగు చూసి మెయిన్ దించేస్తారు. తాళం వేసిన ఇంట్లో ఎవరు చూస్తారు? స్టెబిలైజర్ ఉంది కదా అంటారు. దానికీ ఒక హద్దు ఉంటుంది, అది దాటితే ముందు అదే కాలిపోవచ్చు. కెమెరాలకీ, ఫ్రిజ్‌కీ కరెంటు ఉంచాలంటే ఉంచుకోండి, ఏసీల ఎంసీబీలు మాత్రం దించండి. ఎంసీబీ విడిగా లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించుకునే వెళ్లండి.

గోడలో పైపులు పోయే కన్నం పుట్టీతో మూసేశాను. డ్రెయిన్ పైపు చివర దోమతెర ముక్క చుట్టి దారం కట్టాను, కందిరీగలు గూడు పెట్టకుండా. బిరడా కొట్టకండి, వచ్చాక తీయడం మర్చిపోతే నీళ్లన్నీ మంచం మీదే.

తిరిగొచ్చిన రోజు ఒంటినిండా ప్రయాణం బడలిక, మార్చి ఎండ, చెయ్యి నేరుగా రిమోట్ మీదకి పోతుంది. మనకంటే ముందు ఇల్లు తుడవడానికి వచ్చిన చుట్టాలు కూడా ఎంసీబీ ఎందుకు దించారో తెలియక లేపేయొచ్చు. అందుకని మాస్టారి చేతే ఒక కాగితం రాయించాను. ఇదిగో, ఎంసీబీలు ఉన్న బోర్డు మీద అంటిస్తున్నాను. ఆయన అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో చూడండి:

"ఏసీ ఎంసీబీలు కావాలనే దించాం. ముందు కిటికీలు తీయండి. బయట యూనిట్‌లో ఎలుకలు, గూళ్లు ఉన్నాయేమో చూడండి. డ్రెయిన్ పైపుకి చుట్టిన దోమతెర ముక్క విప్పండి. తర్వాత ఎంసీబీ లేపి, పావుగంట ఫ్యాన్ మోడ్. మళ్లీ పడిపోతే ఇంకోసారి లేపొద్దు, మెకానిక్‌ని పిలవండి."