కాకి ఎంగిలి, మెడ మీద బిళ్ల, లింఫోమా

(షాట్: అనంతపురం, బడి గేటు పక్కన జామకాయల బండి)

చూశారా ఆ పిల్లోణ్ణి? చొక్కా కొస జామకాయ మీద కప్పి పటుక్కున కొరికి, సగం ముక్క పక్కవాడి చేతిలో పెట్టేశాడు. కాకి ఎంగిలి! గుడ్డ అడ్డముంటే ఎంగిలి కాదని మన లెక్క, వైరస్‌కి ఆ లెక్కలు తెలీవు కదా.

ఎంగిలితో పాకే వైరస్ ఒకటుంది, ఎప్‌స్టీన్-బార్, పొట్టిగా ఈబీవీ. 1964లో దాన్ని కనిపెట్టింది కూడా బర్కిట్ లింఫోమా అని ఆఫ్రికా పిల్లల దవడల్లో వచ్చే గడ్డలోనే. లింఫోమా అంటే తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఒంట్లో ఉంటుంది, నాలోనూ ఉండే ఉంటుంది. పసితనంలో సోకితే మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. పోతుందంటే పూర్తిగా పోదు, రక్తంలోని బి-కణాలనే తెల్లకణాల్లో నక్కి పడుకుంటుంది, టి-కణాలనే ఇంకో రకం తెల్లకణాలు జీవితాంతం కాపలా కాస్తాయి. అదే ఇంటర్, డిగ్రీ వయసులో మొదటిసారి సోకితే గొంతునొప్పి, మెడంతా బిళ్లలు, వారాల తరబడి నీరసం. దీన్ని మోనో అంటారు. అలా వచ్చినవాళ్లలో తర్వాత కొన్నేళ్లకి హాడ్జ్‌కిన్ అనే ఇంకో రకం లింఫోమా రావడం కొంచెం ఎక్కువని డెన్మార్క్, స్వీడన్ లెక్కల్లో తేలింది. టెన్షన్ పడకండి, సుమారు వెయ్యి మందిలో ఒక్కరు.

అట్లని పిల్లలకి ఎంగిలి తినిపించమని కాదు! ఆఫ్రికాలో ఆ పిల్లలకి ఈబీవీ పసితనంలోనే సోకింది, కానీ మలేరియా మళ్లీ మళ్లీ వచ్చి బి-కణాలను రెచ్చగొట్టి, కాపలాను నీరసపరిచింది, అలా లింఫోమాకి దారి దొరికింది. హెచ్‌ఐవీ ఉన్నా, కిడ్నీ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపమున్నా ఇదే ఇబ్బంది.

ఇక బిళ్లల సంగతి. కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ల కడుతుంది, తలలో పేలు పడితే చెవి వెనక కడుతుంది, మా పాపకి కట్టినప్పుడు నేను రాత్రంతా నిద్రపోలేదు, తీరా చూస్తే పేలు! అలాంటివి వాటంతటవే తగ్గుతాయి. నొప్పి లేకుండా రబ్బరులా ఉండి, రెండు సెంటీమీటర్లు దాటి, నెలైనా తగ్గకపోతే, అందులోనూ కాలర్ ఎముక పైన ఉంటే చూపించాల్సిందే. రాత్రుళ్లు పక్క తడిసేంత చెమట, బరువు తగ్గడం ఉంటే ఇంకా త్వరగా.

మనదగ్గర మెడ మీద బిళ్ల అనగానే టీబీ అంటారు, చాలాసార్లు అదే అవుతుంది కూడా. కానీ మా బంధువుల అబ్బాయికి ముక్క పరీక్ష (బయాప్సీ) చేయకుండానే ఆరు నెలలు టీబీ మాత్రలు మింగించారు, చివరికి తేలింది హాడ్జ్‌కిన్. కీమోతో ఇప్పుడు బాగున్నాడు, కానీ ఆ ఆరు నెలలు ఎవరిస్తారు? అందుకే, ‘బయాప్సీ చేసి చూద్దామా సార్’ అని మీరే అడగండి, మొహమాటపడొద్దు.