ల్యాప్‌టాప్ కాలిపోతోందా? ముందు చెయ్యి పెట్టి చూడండి

శ్రోతలకు నమస్కారం.

ల్యాప్‌టాప్ వేడెక్కుతోందనగానే చాలామంది కింద పెట్టే ఫ్యాన్ల కూలింగ్ ప్యాడ్ కొనేస్తారు. తొందరపడకండి. లోపల గాలి దారి మూసుకుపోయి ఉంటే ఆ ప్యాడ్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ముందు ల్యాప్‌టాప్‌ని పరుపు మీంచి తీసి గట్టి బల్ల మీద పెట్టండి. కాసేపు నడిచాక, వేడిగాలి బయటికొచ్చే సందు దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. గాలి జోరుగా, వేడిగా తగిలిందంటే ఫ్యాన్ బాగానే ఉన్నట్టు. ల్యాప్‌టాప్‌కి మెదడులాంటి ప్రాసెసర్ మీదే భారం ఎక్కువైంది. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ (అంటే ప్రాసెసరే) అన్నచోట నొక్కండి, దొంగ ఎవరో పైకొస్తాడు. చాలాసార్లు అది డజన్లకొద్దీ ట్యాబులు తెరిచిన బ్రౌజరే.

ఫ్యాన్ హోరెత్తుతోంది, గాలి మాత్రం సన్నగా వస్తోందా? అయితే దుమ్మే. ఒక రాగి గొట్టం ప్రాసెసర్ వేడిని పక్కనున్న పలచటి రేకుల దాకా మోసుకెళ్తుంది. ఫ్యాన్ ఆ రేకుల సందుల్లోంచి గాలి తోస్తుంది. సరిగ్గా ఆ రెంటి మధ్యే దుమ్మూ వెంట్రుకలూ చేరి, పాత దుప్పటి ముక్కలా అట్టకడతాయి. మూత విప్పితే గానీ కనిపించదు. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. మీరే విప్పేట్టయితే ఛార్జర్‌తో పాటు లోపలి బ్యాటరీ కనెక్షన్ కూడా తీసేయండి. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో ఆపి పట్టుకుని, అప్పుడే బ్లోయర్‌తో గాలి కొట్టాలి. లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

దుమ్ము పోయినా వేడి తగ్గకపోతే, ప్రాసెసర్‌కీ రాగి పలకకీ మధ్య వేడిని అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. కొత్తది పూయించాలి. అడుగు కాలుతున్నా ఫ్యాన్ చప్పుడే లేదంటే దాన్ని మార్పించాల్సి రావచ్చు.

వేడి 100 డిగ్రీల దరిదాపుకి చేరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. స్లో అయిపోయిందని అమ్మేస్తున్న మెషిన్లలో కొన్నిటికి కావలసింది క్లీనింగే! ఇక ఎండాకాలం సంగతి వేరు. చాలా ల్యాప్‌టాప్‌లకి గది వేడి 35 డిగ్రీలు దాటకూడదని కంపెనీలే చెబుతాయి. మన రామగుండం, రెంటచింతల ఎండల్లో అది దాటని మధ్యాహ్నం ఎక్కడిది? బరువైన పనులు పొద్దున్నే పెట్టుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు మూత విచ్చుకున్నా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. వెంటనే ఆఫ్ చేసేయండి, ఛార్జింగ్ పెట్టకండి. నొక్కడం, గుచ్చడం అసలే వద్దు, మంటలు రావచ్చు. ఉన్నది ఉన్నట్టుగానే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.