మాత్రల డబ్బా పక్కన కాసేపు ధ్యానం

సభకు నమస్కారం.

ఓపీలో నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్నతోనే మొదలుపెడతాను. గుండె ధమని మూసుకుపోకుండా లోపల అమర్చే సన్నని లోహపు జాలీ గొట్టం, అదే స్టెంటు, వేయించుకుని ఆరు నెలలైన పెద్దమనిషి రిపోర్టులన్నీ చూపించి, వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి, "డాక్టరు గారూ, రోజూ పొద్దున్నే ధ్యానం చేస్తున్నాను, మనసు నిమ్మళంగా ఉంటోంది, ఇక ఈ రక్తం పలచబడే మాత్ర ఆపేయవచ్చా?" అని అడుగుతారు. ఆపకూడదు. కొత్త స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా చూసేది ఆ మాత్రే. దాన్ని మనంతట మనమే మానేస్తే స్టెంటు ఉన్నట్టుండి మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. అయితే ఆయన మాటలో మొదటి సగం, అంటే ధ్యానంతో మనసు నిమ్మళించిందన్న సగం, కొట్టిపారేయదగినది కాదు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది దాని గురించే.

భయంకరమైన వార్త వింటే "గుండె ఆగినంత పనైంది" అంటాం. అది ఒట్టి అలంకారం కాదు. 1994 జనవరి 17 తెల్లవారుజామున అమెరికాలోని లాస్ ఏంజలెస్ ప్రాంతంలో, నార్త్‌రిడ్జ్ దగ్గర, భూకంపం వచ్చింది. అంతకు ముందు వారంలో ఆ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి ప్రాంతంలో, హృద్రోగం వల్ల రోజుకు సగటున 4.6 ఆకస్మిక మరణాలు నమోదు కాగా, ఆ ఒక్కరోజే 24 నమోదయ్యాయి. వారిలో ఒంటికి మించిన శ్రమ చేసి పడిపోయినవారు కొద్దిమందే. ఉద్వేగం ముంచెత్తినప్పుడు అడ్రినలిన్ పొంగుతుంది, నాడి పరుగెడుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది, రక్తంలో గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ధమని గోడలో అప్పటికే పేరుకున్న కొవ్వు పూడిక చిట్లడానికి అంతకన్నా అనువైన సమయం ఉండదు. భూకంపం ఒక్కరోజు వస్తుంది. అప్పులూ ఇంటి తగాదాలూ రోజూ ఉంటాయి.

ఇప్పుడు చిన్న పని చేద్దాం. కుడిచేతి రెండు వేళ్ళను ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు, మెత్తగా ఆనించి నాడి పట్టుకోండి. నెమ్మదిగా గాలి పీల్చండి. నాడి కొంచెం త్వరపడుతుంది. అంతకన్నా నెమ్మదిగా వదలండి, నిదానిస్తుంది. వయసు పైబడినవారికీ, చాలాకాలంగా మధుమేహం ఉన్నవారికీ ఈ తేడా వేలికి అందకపోవచ్చు, కంగారు పడకండి. గుండెకు కళ్ళెం వేసే వేగస్ అనే నరం మీద మన ఊపిరికి ఉన్న పట్టు అది. 2001లో ఇటలీ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 23 మంది చేత లాటిన్ భాషలో జపమాల ప్రార్థననూ, "ఓం మణి పద్మే హుం" అనే బౌద్ధ మంత్రాన్నీ వేర్వేరుగా చెప్పించారు. రెండింటిలోనూ ఊపిరి దాదాపు నిమిషానికి ఆరు సార్లకు దిగింది. రక్తపోటును ఎప్పటికప్పుడు సరిచేసే శరీర యంత్రాంగం మరింత చురుగ్గా స్పందించింది. కాబట్టి ఎవరి మంత్రం గొప్పదన్న తగవు మనకెందుకు? ఆఫీసు బస్సుకు టైమైపోతోందని విష్ణు సహస్రనామాన్ని పరుగులు పెట్టించే వారికి మాత్రం ఈ ఫలం దక్కదనే నా అనుమానం.

ఇంతకీ ధ్యానం ఆయుష్షు పెంచుతుందా? 2012లో వెలువడిన ఒక అధ్యయనాన్ని ధ్యాన సంస్థలు తరచుగా ఉదహరిస్తుంటాయి. అమెరికాలోని మిల్వాకీలో గుండె జబ్బున్న 201 మంది నల్లజాతీయులను సగటున 5.4 ఏళ్ళు గమనిస్తే, మరణం, గుండెపోటు, పక్షవాతం అన్నీ కలిపి భావాతీత ధ్యానం (మనసులో మంత్రం జపించే ట్రాన్సెండెంటల్ మెడిటేషన్) నేర్చిన వర్గంలో 20, ఆరోగ్య పాఠాలు విన్న వర్గంలో 32 నమోదయ్యాయి. ఆశ పుట్టించే అంకెలే గానీ, అవి చిన్నవి. పైగా ఆ అధ్యయనానికి నాయకత్వం వహించినవారు ఆ ధ్యాన పద్ధతిని బోధించే విశ్వవిద్యాలయానికే చెందినవారు. నేనైతే ఆ ఒక్కదాని మీద భారం వేయను. 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ఉన్న ఆధారాలన్నీ తిరగేసి, మందులకూ ఆహార, వ్యాయామ నియమాలకూ తోడుగా ధ్యానాన్ని పరిశీలించవచ్చని మాత్రమే, ఆచితూచి చెప్పింది.

నాకు ఎక్కువ నచ్చినది మన దేశంలో జరిగిన అధ్యయనం. యోగా-కేర్ పేరుతో 24 ఆసుపత్రులలో, గుండెపోటు వచ్చిన 3,959 మందిని తీసుకుని, సగం మందికి 12 వారాలపాటు ఆసనాలు, శ్వాస సాధన, ధ్యానం కలిపి నేర్పారు. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం మరణం, మళ్ళీ గుండెపోటు, పక్షవాతం, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం వంటివి ఆ వర్గంలో 6.7 శాతం మందికి, రెండో వర్గంలో 7.4 శాతం మందికి జరిగాయి. ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి ఇది చాలదు. కానీ యోగా నేర్చినవారు గుండెపోటుకు ముందు చేసే పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్ళగలిగారు.

నా దృష్టిలో అసలు లాభం అక్కడుంది. గుండెపోటు తర్వాత మనిషిని కుంగదీసేది చాలాసార్లు గుండె కాదు, భయం. ఎకో, అంటే గుండె స్కానింగ్, బాగానే ఉంటుంది, ఆయన మాత్రం మెట్లెక్కడు, ఎడమ పక్కకు తిరిగి పడుకోడు. రాత్రి రెండింటికి భార్య లేచి ఆయన ఊపిరి ఆడుతోందో లేదో చూస్తుంది. నడక మానేసిన గుండె ఇంకా బలహీనపడుతుంది. రోజుకు పది, ఇరవై నిమిషాల ధ్యానం ఈ భయాన్ని కాస్త సడలించి మనిషిని మళ్ళీ నడకకు పంపితే, అది తన పని తాను చేసినట్టే.

చేసే తీరు చెబుతాను. మోకాళ్ళు నొప్పెడితే పద్మాసనం అక్కర్లేదు, వీపు ఆనించి కుర్చీలో కూర్చోవచ్చు. ఊపిరి బిగబట్టకండి, కపాలభాతి వంటి వేగమైన సాధనలు మీ డాక్టరును అడగకుండా వద్దు. బీపీ మాత్రలు వాడేవారు ధ్యానం ముగియగానే చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి, కాసేపు ఆగి లేవండి. కళ్ళు మూసుకుంటే దిగులు, ఆందోళన పెరుగుతున్నాయనిపిస్తే పట్టుబట్టి కొనసాగించకుండా మాకు చెప్పండి. ఇంట్లో కొలిచిన రక్తపోటు అంకెలు తేదీలతో రాసి తెస్తే, బీపీ మాత్ర తగ్గించాలా వద్దా అన్నది ఆ పుస్తకం చూసి నిర్ణయిద్దాం.

ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు, ఆయాసం మొదలైతే మాత్రం ధ్యానంలో కూర్చుని తగ్గుతుందేమోనని చూడకండి, 108కి ఫోన్ చేయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.